లుంగీల బుట్టలో పుస్తకం

బట్టలు ఉతకడానికి న్వే యిన్ రెండు తొట్లు పెట్టుకుంటుంది. భర్త లుంగీలు, చొక్కాలు ఒక తొట్లో. తన లుంగీలు ఇంకో తొట్లో; మా దేశంలో ఆడా మగా కట్టేది లుంగీలే. రెండూ ఒకే నీళ్లలో మునగకూడదు. ఆయనవి ముందు వాకిట్లో, ఎత్తుగా కట్టిన తీగ మీద, మంచి ఎండ తగిలేచోట ఆరతాయి. ఆమెవి వంటింటి వెనక అరటిచెట్ల మధ్య, నడుమెత్తున కట్టిన తాడు మీద, ఆరితే ఆరతాయి లేకపోతే లేదు. ఆడదాని లుంగీ కింది నుంచి మగవాడు పొరపాటున నడిచినా అతని తేజస్సు తగ్గిపోతుందని మా వాళ్ల నమ్మకం. ప్యే ఊళ్లో ఏ ఇంటి పెరట్లోకి తొంగిచూసినా ఈ రెండు తాళ్లూ కనిపిస్తాయి. న్వే యిన్‌కి కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారు ఈ పాఠం చెప్పింది. "నా కొడుకు పుట్టుకతో తెచ్చుకున్న వెలుగమ్మా అది. నీ గుడ్డముక్కతో ఆర్పేయకు తల్లీ" అంది, ఎంతో ప్రేమగా, తల నిమురుతూ. ఆ ప్రేమ వల్లే న్వే యిన్‌కి ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో చాలా ఏళ్లదాకా తెలియలేదు. అత్తగారు పోయింది గాని మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఆరిన లుంగీలు మడతపెట్టి వెనకగదిలో ఒక పేము బుట్టలో వేస్తుంది. ఆమె భర్త ఊ ఛిట్ పే బియ్యం మిల్లులో గుమాస్తా. మిల్లులో అందరి మీదా అరిచే మనిషి, ఆ బుట్ట దగ్గరికొచ్చేసరికి ఒళ్లు కుదించుకుని పక్కకి నడుస్తాడు. ఒకసారి అందులో ఎలుక దూరింది. ఆయన వాకిట్లోకి పరుగెత్తి, "ఏయ్ న్వే యిన్, నీ బుట్టలో ఏదో కదులుతోంది, నువ్వే చూసుకో" అని అక్కణ్ణుంచి కేకేశాడు. ఆ రోజే ఆమెకి తట్టింది. ఇంత ఇంట్లో తనదంటూ ఒక చోటుంది. ఆయన ఇచ్చింది కాదు. ఆయన భయం ఇచ్చింది.

అద్దె పుస్తకాన్ని అందులో దాచడం ఆ రోజునుంచే మొదలైంది.

బజారు మూల మీద అద్దె పుస్తకాల షాపు ఉండేది. ఇప్పుడు లేదులెండి. కొత్త నవల రాగానే షాపు పెద్దాయన దాని అట్ట పీకి, దారంతో మళ్లీ కుట్టి, మందపు కాగితం అంటించి అద్దెకిచ్చేవాడు. ఎందరో ఆడవాళ్ల చేతుల్లో నలిగి ఆ కాగితాలు పాత పంచెలా మెత్తబడిపోయేవి. ఒక పుటకి పసుపు మరక, ఒక పుటకి బుగ్గలకి రాసుకునే చెక్కగంధం వాసన. న్వే యిన్ బడికి వెళ్లింది నాలుగో తరగతిదాకానే. మిగతా చదువంతా ఆ షాపే నేర్పింది.

ఇంట్లో దాచాల్సిన అవసరమేమిటంటే, పెళ్లైన కొత్తలో ఒకరోజు చదువుతూ అన్నం మాడ్చింది. ఊ ఛిట్ పే కొట్టలేదు, తిట్టలేదు. మాడిన గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఈ ఇంట్లో నువ్వైనా ఉండాలి, ఈ పుస్తకాలైనా ఉండాలి. ఆలోచించుకుని చెప్పు" అన్నాడు. ఆమె గిన్నె తోముకుంది. అదే ఆమె జవాబు. ఇక అప్పట్నుంచి తెల్లారకముందే లేచి బౌద్ధ భిక్షువుల పాత్రల్లోకి అన్నం వండటం, ఆయనకి కూర, చేపల పులుసు, క్యారియరు, నీళ్లు మొయ్యడం, నేల తుడవడం, పెద్దల పటాల ముందు పూలు మార్చడం. అన్నీ అయ్యాక మధ్యాహ్నం కాసేపు. ఆ కాసేపూ బుట్టది. సాయంత్రం ఆయనొచ్చి, "రోజంతా ఊరికే కూర్చుని నీకెలా పొద్దుపోతుందో" అనేవాడు. ఆమె నవ్వేది. ఆయన అడిగింది ప్రశ్న కాదని ఆమెకి తెలుసు.

ఈ సంగతులన్నీ ఆమె చెప్పుకునేది ఒక్క ఖిన్ లే దగ్గరే. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బల్ల. ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్లు. పెద్దయ్యాక ఇద్దరం కలిసి ఒక ఇల్లు తీసుకుందామని, మగవాళ్లని లోపలికి రానివ్వద్దని అనుకున్నారు. ఖిన్ లే ఆ మాట నిలబెట్టుకుంది. పెళ్లి చేసుకోలేదు, బళ్లో టీచరమ్మయింది, నది ఒడ్డున రెండు గదుల చెక్క ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. లోకం తిరిగిన పండితులు రాసిన లావుపాటి పుస్తకాలు చదువుతుంది. ఆ వాకిట్లో ఊరవేసిన తేయాకు, వేయించిన వెల్లుల్లి, పల్లీలు పళ్లెంలో పెట్టుకుని, చెరో చుట్టా ముట్టించుకుని కూర్చుంటే వాళ్ల పోట్లాట ఎప్పుడూ ఒకటే.

"ఈసారి ఎవడే? డాక్టరా, ఇంజినీరా?"

"డాక్టరే."

"ఎప్పుడూ డాక్టరే! నీ కథల్లో ఉన్నంతమంది డాక్టర్లు మన ఆసుపత్రిలో ఉంటే మా అమ్మ బతికి ఉండేది."

"పోనీ నీ పుస్తకాల్లో ఎవరుంటారు?"

"మనుషులుండరు. ఆలోచనలుంటాయి."

"అందుకేనా, మొన్న నే వచ్చేసరికి పుస్తకం మొహం మీద బోర్లించుకుని గురకపెడుతున్నావు?"

ఖిన్ లే పొగ మింగి దగ్గింది. నవ్వి, మళ్లీ ముఖం గట్టిచేసుకుంది. "నవ్వులాట కాదే. అందరూ చదువుతున్నారని మంచివైపోతాయా? అందరూ తాగుతున్నారని సారా మంచిదైపోతుందా? ఆ పిల్ల ఏడుస్తుంది. ఇంకా ఏడుస్తుంది. చివరి అధ్యాయంలో మొగుడికి బుద్ధొస్తుంది. పుస్తకం మూసి నువ్వు లేచెళ్లి మీ ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తావు. అవి నిన్ను నిద్రపుచ్చుతున్నాయి న్వే యిన్. అవే లేకపోతే నువ్వు ఎప్పుడో ఆ ఇంట్లోంచి బయటికొచ్చేదానివి."

న్వే యిన్ ఒక పల్లీ నోట్లో వేసుకుంది. అసలు సంగతి చెప్పాలనే అనుకుంది. కాని ఖిన్ లే టీచరమ్మ గొంతుతో మాట్లాడుతున్నప్పుడు ఎవరి నోటికీ మాట రాదు. "చదవడానికి బాగుంటాయే" అంది చివరికి, చిన్నపిల్లలా. ఖిన్ లే తల పట్టుకుంది.

పుస్తకాలు ఎక్కడ దాస్తుందో చెప్పింది కూడా ఆ వాకిట్లోనే. ఖిన్ లే ముందు నమ్మలేదు. తర్వాత నవ్వీ నవ్వీ ఆమె చుట్ట ఆరిపోయింది. "అక్షరాల మీద ఆడ లుంగీలా! పాపిష్టిదానా! పుస్తకం కింద పడితే కళ్లకద్దుకునే దేశమే మనది!" అని వీపు మీద ఒకటి చరిచింది. ఇద్దరూ కళ్లనీళ్లు కారేదాకా నవ్వారు. వాళ్లు అంతగా నవ్వడం అదే ఆఖరు.

ఆ ఏడు వర్షాకాలపు వ్రత నెలలు నడుస్తున్నాయి. ఆ నెలల్లో మా వాళ్లు పెళ్లిళ్లు చెయ్యరు, ఇల్లు మారరు. వ్రతం ముగిసే దీపాల పండుగ అయ్యాకే ఏదైనా. ఒక పౌర్ణమినాడు ఊ ఛిట్ పే గుడి నుంచి తిన్నగా వెనకగదిలోకి వచ్చాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆయన పెరట్లోకి వెళ్లి మామిడికాయలు కోసే పొడుగు వెదురుగడ తెచ్చాడు. గది గుమ్మంలో నిలబడి, మొహం పక్కకి తిప్పుకుని, ఆ గడతో బుట్టని వాకిట్లోకి నెట్టుకొచ్చాడు. అక్కడ దాన్ని బోర్లించి, ఒక్కొక్క లుంగీనే గడ కొనతో ఎత్తి పక్కకి పడేశాడు. పట్టపగలు. కంచె అవతల పక్కింటివాళ్లు నిలబడి చూస్తున్నారు. ఎర్ర గళ్లది, పచ్చది, అంచు చిరిగి ఆమె కుట్టుకున్నది, నెలసరి రోజుల్లో కట్టుకునే పాతది. చచ్చిన పామును తీసినట్టు తీశాడు. అడుగున పుస్తకం కనిపించింది.

"నా నడుంనొప్పి ఎందుకు తగ్గట్లేదో, మిల్లులో నన్ను దాటి ఇంకొకడికి పెద్ద పని ఎందుకిచ్చారో ఇప్పుడు తెలిసింది" అన్నాడు ఆయన, పక్కింటివాళ్లకి వినపడేలా. "తియ్. నేను ముట్టను దాన్ని."

పుస్తకం ఆమె చేత పట్టించి, తాను వెనక నడుస్తూ, బజారు దాకా తీసుకెళ్లాడు. షాపు పెద్దాయన ముందు నిలబెట్టి, "ఈ మనిషికి ఇక పుస్తకం ఇస్తే నేనొచ్చి షాపు మూయిస్తా" అన్నాడు. పెద్దాయన తల దించుకున్నాడు. పుస్తకం తీసుకోబోయి, దాన్ని ఎక్కడ దాచిందో విని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అరుగు మీద పెట్టి వెళ్లమన్నాడు. న్వే యిన్ అరుగు మీద పెట్టింది. ఆ చెయ్యి వెనక్కి పోవడం చూసినప్పుడు ఆమెకి అనిపించింది, తాను కట్టుకున్న గుడ్డే కాదు, తానే ఆ నడుమెత్తు తాడు మీద ఇన్నాళ్లూ ఆరుతోందని.

ఎవరు చెప్పారని ఆమె భర్తని అడగలేదు. బుట్ట సంగతి తెలిసింది ఈ లోకంలో ఒక్కరికే.

తర్వాతి మధ్యాహ్నాలు ఎలా గడిచాయో ఏం చెప్పను. పని అయిపోయేది. ఆమె వెనకగదిలో బుట్ట పక్కన కూర్చునేది. ఇంతకాలం వినపడని శబ్దాలు వినపడేవి. నీళ్లకుండ నుంచి కారే చుక్క. గోడ గడియారం. తన ఊపిరి. ఖిన్ లే వస్తుందేమోనని వాకిలి వైపు చూసేది. వస్తే తలుపు తియ్యకూడదనుకునేది. రాకపోతే ఏడ్చేది. ఎవరైనా పోతే నలుగురూ వచ్చి పరామర్శిస్తారు. స్నేహితురాలు బతికుండగానే పోతే ఎవరికి చెప్పుకోవాలి?

చివరికి తానే వెళ్లింది. వాన వెలిసి నది ఎర్రగా ఉంది. ఖిన్ లే వాకిట్లోనే ఉంది, బాగా చిక్కిపోయింది. న్వే యిన్ని చూడగానే లేచి, పళ్లెం తేవడానికి లోపలికి వెళ్లబోయింది.

"ఏమీ తేకు. కూర్చో."

ఖిన్ లే కూర్చుంది. చుట్ట వెలిగించబోయింది, అగ్గిపుల్ల అంటుకోలేదు. "నేనే చెప్పానే" అంది. "గుడి మెట్ల మీద ఆయనే ఎదురయ్యాడు. ఇంట్లో ఏదో దోషముంది, ఏ దానం చెయ్యమంటారు టీచరమ్మా అని అడిగాడు. నోరుజారి కాదు. కావాలనే చెప్పాను."

"ఎందుకు?"

"నీకు కోపం వస్తుందని. ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను, నీకు కోపం రాదు. ఆ పుస్తకాలు దాన్ని తాగేస్తున్నాయి. అవి పోతే కోపమొస్తుంది, వస్తే బయటికొచ్చేస్తావు అనుకున్నాను. అతను గడ తెస్తాడనుకోలేదే. ఒట్టు. అరుస్తాడనుకున్నాను, అంతే."

"కోపం వచ్చింది ఖిన్ లే."

ఖిన్ లే కళ్లలో చిన్న ఆశ మెరిసింది. అదే న్వే యిన్ గుండెని చీల్చింది.

"ఆయన మీద కాదే. ఆయన సంగతి నాకు కొత్తా? ఆయన గడతో తీశాడు. నువ్వు చేత్తో తీశావు. నేనేం చదవకూడదో ఆయన చెప్పాడు, నువ్వూ చెప్పావు. వాటిల్లో నేనేం చదువుతున్నానో ఇన్నేళ్లలో ఒక్కసారి అడిగావా?"

"ఏముంటుందే వాటిల్లో? చివరికి మొగుడు మారడమేగా..."

"చివరి అధ్యాయం నేనెప్పుడూ చదవలేదు."

ఖిన్ లే అర్థంకానట్టు చూసింది.

"అక్కడ వాళ్లంతా ఇంటికి తిరిగొచ్చేస్తారు. నాకు తెలుసు. అందుకే అంతకుముందే తిరిగిచ్చేసేదాన్ని. వాళ్లు ఎలా వెళ్లిపోయారో, అది చదివేదాన్ని. మూట ఎలా కట్టారు, ఏం వదిలేశారు, గుమ్మం దగ్గర ఎవరైనా అడిగితే ఏం చెప్పారు, రేవులో పడవ కోసం నిలబడ్డప్పుడు కాళ్లు వణికితే ఏం చేశారు. పుస్తకానికొక ఆడది వెళ్లిపోతుందే. అదే మళ్లీ మళ్లీ చదివి నేర్చుకుంటున్నాను. నాకు తెలివి తక్కువ, ఆలస్యమైంది. ఈ ఏటికి ఆ పాఠం వచ్చేసింది. వ్రతం నెలల్లో ఇల్లు మారకూడదు కదా అని ఆగాను. దీపాల పండుగ అయిపోతే..."

కొంగు లేని దేశం మాది, కళ్లు అరచేత్తోనే తుడుచుకుంది.

"అయిపోతే?" అంది ఖిన్ లే, వినపడీ వినపడనట్టు.

"నీ దగ్గరికే వద్దామనుకున్నాను."

నది మీద పడవవాడెవడో ఎవరినో పిలుస్తున్నాడు. ఖిన్ లే చెయ్యి చాచింది. న్వే యిన్ ఆ చేతిని ఒకసారి తన రెండు చేతుల్లోకి తీసుకుంది, చిన్నప్పుడు జడ వేసిన చెయ్యి. మళ్లీ దాన్ని మెల్లగా ఆమె ఒళ్లోనే పెట్టేసింది. చెప్పులు తొడుక్కుంది.

"ఇప్పుడైనా రావే. రెండో గది ఊడ్చి పెడతాను. ఈ రాత్రికే రా."

"రాను."

"ఆ ఇంటికే వెళ్తావా?"

"లేదు. అవతలి ఒడ్డున చుట్టలు చుట్టే పాకలో ఆడవాళ్లు ఉండటానికి చోటిస్తారు. పెళ్లికి ముందు అక్కడే చుట్టేదాన్నిగా."

"వ్రతం నెలల్లో ఇల్లు మారతావా? నలుగురూ ఏమంటారు?"

న్వే యిన్ మెట్లు దిగింది. ఖిన్ లే వైపు తిరిగి చూడలేదు.

"నాకు ఇల్లుంటే కదా మారడానికి" అంది, రేవు వైపు నడుస్తూ.