షాబాదు బండ మీద గీత

నాకు ముక్కు మీద కోపమని మా లాలాగూడ రైల్వే కాలనీలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లుగా బడిలో జాగ్రఫీ చెబుతూ ఆ పేరు చెడకుండా నిలబెట్టుకున్నాను. అయితే రెండువేల నాలుగు జూన్ ఏడో తారీఖున దేవసహాయం మీద అరిచిన అరుపు మాత్రం శుద్ధ అన్యాయం.

మర్నాడు శుక్రుడు సూర్యుడి మీదుగా నడవబోతున్నాడు. నూట ఇరవై రెండేళ్ల తర్వాత వస్తున్న ముచ్చట. నేనేమో గ్రహాలను సుద్దముక్కతో బోర్డు మీద గీయడమే గాని, ఇన్నేళ్లలో ఒక్క పిల్లకు ఒక్క గ్రహాన్ని చూపించిన పాపాన పోలేదు. అందుకే టెలిస్కోపుతో సూర్యుణ్ణి తెల్ల కాగితం మీద పడేసి చూపిస్తానని కాలనీ అంతా చాటాను.

టెలిస్కోపును మోసే ఇరుసు చేసిపెట్టింది దేవసహాయం. వర్క్‌షాపులో ఫిట్టరు, పక్క వరసలోనే క్వార్టరు. ఆ ఇరుసును సరిగ్గా ఉత్తరానికి గురిపెట్టి, మన సికింద్రాబాద్‌కు తగ్గట్టు పదిహేడున్నర డిగ్రీలు పైకెత్తితే అది భూమి ఇరుసుకు సమాంతరంగా నిలుస్తుంది. ఆ తర్వాత ఒక్క మర మెల్లగా తిప్పుతుంటే చాలు, సూర్యుడు కాగితం దాటి పోడు.

ఆ సాయంత్రం మా మిద్దె మీద కంపాస్‌తో ఉత్తరం చూసి అంతా బిగించాను. మర తిప్పుతున్నా ఎనిమిది నిమిషాలకే సూర్యుడు కాగితం అంచుకు జారిపోయాడు. మళ్లీ సర్దాను, మళ్లీ జారాడు.

"నీ ఇరుసే వంకర! చేతకాకపోతే ముందే చెప్పొచ్చు కదా" అని విరుచుకుపడ్డాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

దేవసహాయం ఇరుసు ఊడదీసి, స్కేలు ఆనించి చూసి, మళ్లీ బిగించాడు. తర్వాత నా కంపాస్ పట్టుకుని మిద్దె మీద నాలుగడుగులు నడిచాడు. ముల్లు అడుగడుక్కీ దిక్కు మార్చింది.

"సార్, ఈ క్వార్టర్ల మిద్దెలకు పాత రైలు పట్టాలే దూలాలుగ ఏసిన్రు. గింత ఇనుము మీద కంపాస్ ఏం పనిచేస్తది?"

కర్ర పాతి నీడతో ఉత్తరం కనుక్కుందామంటే మధ్యాహ్నానికి ముందొక నీడ, తర్వాతొక నీడ గుర్తు పెట్టాలి. రేపు శుక్రుడు పదకొండు లోపే వచ్చేస్తాడు. "పరువు పోయిందయ్యా" అన్నాను.

"పరేషాన్ గాకుండ్రి సార్. మా వాకిట్ల ఉత్తరం గీత ఉంది. మా బిడ్డ మేబెల్ తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు మీరిచ్చిన నీడల హోంవర్కే. చాక్‌పీసు గీత చెరిగిపోతదని ఏడిస్తే, షాబాదు బండ మీద ఉలితో చెక్కిచ్చిన."

అన్నన్ని మాటలన్న నాకోసం ఆ మనిషి టెలిస్కోపును తన భుజాన మోసుకుపోయాడు. పొద్దున్నే గుండు కట్టిన దారం వేలాడదీసి, ఇరుసును ఆ గీత వెంబడి నిలబెట్టాం.

పది ముప్పావు దాటాక సూర్యుడి అంచున చిన్న నొక్కు పడింది. కాసేపటికి మినపగింజంత నల్లటి చుక్క లోపలికొచ్చింది. కాలనీ జనం వరస కట్టారు. నేను ఒక్క మర తిప్పుతూ కూర్చున్నాను. సూర్యుడు కాగితం మధ్యలోంచి కదల్లేదు. సంతోషం పట్టలేక నాకు కళ్లు చెమర్చాయి.

పన్నెండుంపావుకు మేబెల్ వచ్చింది. మల్కాజ్‌గిరిలో నర్సు. చుక్కను చూసి, గీత మీద ఒక పెన్ను నిలబెట్టింది.

"నీడ ఏ దిక్కు పడ్డదో చూడండి సార్."

పొట్టి నీడ. గీత వెంబడే, దక్షిణానికి పడింది. జూన్‌లో మన ఊళ్లో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరాన ఉంటాడు మరి.

"అప్పుడు గిదే రాసిన. మీరు ఎర్ర సిరాతో కొట్టేసిన్రు" అంది నవ్వుతూ.

గుర్తొచ్చింది. 'తప్పు. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే. పుస్తకం చదువు' అని రాశాను. ఆ పుస్తకం ఎక్కడో చలిదేశం వాళ్ల కోసం రాసింది కాబోలు. వాకిట్లోకి వచ్చి నీడను చూసింది పద్నాలుగేళ్ల ఆ పిల్ల. నేను ఏనాడూ చూడలేదు.

"మరి అప్పుడే చెప్పలేదేం తల్లీ?"

"భయమేసింది సార్."

మర వదిలి లేచి నిలబడ్డాను. "అందరూ వినండి. ఈ గీత మేబెల్‌ది, ఇరుసు దేవసహాయంది. తప్పులన్నీ నావి" అన్నాను. దేవసహాయం తల వంచుకుని, నేను వదిలిన మరను తిప్పడం మొదలుపెట్టాడు.

మేబెల్ వైపు తిరిగి, "థాంక్స్ అమ్మా" అన్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లల చేత చెప్పించుకోవడమే గాని, ఆ మాట ఒక విద్యార్థికి చెప్పడం అదే మొదటిసారి.