తొంభై రోజుల బిళ్ళ

నాకు నోటి దురుసని టాస్మానియా దీవిలోని మా క్వీన్స్‌టౌన్‌లో అందరికీ తెలుసు. పేరు గ్లెనిస్, వయసు అరవై మూడు. మంగళవారం సాయంత్రం ఆరున్నరకి చర్చి వెనక హాల్లో తాగుడు మానినవాళ్ళం, మానాలనుకునేవాళ్ళం ఏడెనిమిది మందిమి కూర్చుంటాం. హాలు తాళంచెవి, టీ కెటిల్, బిళ్ళల డబ్బా నా దగ్గరే ఉంటాయి.

టారిన్ మొదటి రోజే నవ్వు తెప్పించింది. బట్టలుతికే షాపు గోడ మీద మా మీటింగు కాగితం చూసి వచ్చి, పొరపాటున పక్క గదిలో బొంతలు కుట్టే ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. వాళ్ళు కత్తెర ఇస్తే అరగంట గుడ్డముక్కలు కూడా కత్తిరించింది. మీరంతా తాగుబోతులేనా అని అడిగాక గానీ సంగతి బయటపడలేదు. పాతికేళ్ళ పిల్ల, తడిసిన కోటు. కొత్తవాళ్ళకి పాతవాళ్ళలో ఒకరు తోడుండి దారి చూపించడం మా పద్ధతి. ఈ పిల్లని నాకు వదిలెయ్యండి అని ఆ రోజే చెప్పేశాను.

టారిన్‌కి నాలుగేళ్ళ కూతురు, ఇండీ. ఒకసారి తాగిన మత్తులో పాపని కారులోనే మరిచిపోయింది. ఆ మర్నాడే అత్తగారు బెరిల్ వచ్చి పాపని దగ్గర్లోని స్ట్రాన్ ఊళ్ళో తన ఇంటికి తీసుకుపోయింది. తొంభై రోజుల బిళ్ళ నా చేతిలో పెట్టు, పాపని నీ చేతిలో పెడతాను, లేకపోతే సముద్రం అవతల క్వీన్స్‌లాండ్‌లో ఉన్న దాని నాన్న, నా కొడుకు దగ్గరికి తీసుకుపోతాను అంది. తాగకుండా గడిపిన రోజులకి మేం ఇచ్చుకునే, పతకాల్లాంటి ఇత్తడి బిళ్ళలవి. ఒక్క గుక్క పడినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఎవరూ పరీక్ష పెట్టరు. ఎవరి నోటితో వాళ్ళు చెప్పిందే లెక్క.

ఎనభై ఎనిమిదో రోజు, ఆదివారం, నా కారులో కూర్చుని టారిన్ చేతులు నలుపుకుంది. తను పనిచేసే వృద్ధాశ్రమం వంటింట్లో బుధవారం ఎవరిదో పుట్టినరోజట. ట్రైఫిల్ అని, కేకు మీద కస్టర్డూ క్రీమూ పోసే తీపి చేశారు. అడుగున కేకంతా షెర్రీ వైన్‌లో నానబెట్టారు.

"మొదటి చెంచాకి తెలీలేదు, గ్లెనిస్. రెండో చెంచాకి తెలిసింది. అయినా గిన్నె ఖాళీ చేసి, ఇంకో గిన్నె పెట్టుకున్నా. ఇది తాగినట్టా, తిన్నట్టా? మీరేం చెబితే అది చేస్తా."

ఇంకొకరైతే, నోరు మూసుకుని ముందు పిల్లని తెచ్చుకోమనేవాళ్ళు. నాకలాంటి తెలివి ఎక్కడిది?

"రెండో గిన్నె తాగినట్టే," అన్నాను. "దొంగ బిళ్ళతో పిల్లని తెచ్చుకుంటే నెల తిరక్కుండా సీసా పట్టుకుంటావ్. మంగళవారం అందరి ముందూ చెప్పు."

"బెరిల్ పాపని తీసుకుపోతుంది."

"తొంభై రోజులెంతసేపు? కళ్ళు మూసి తెరిచేలోపు మళ్ళీ వస్తాయి."

ఎంత తేలిగ్గా అనేశానో. ఆ మాట అంటున్నప్పుడే నాకూ ఒక సంగతి గుర్తొచ్చింది. అది తర్వాత చెబుతాను.

మంగళవారం టారిన్ లేచి నిలబడి అంతా చెప్పింది. నిజం ఒప్పుకుని మొదటికొచ్చినవాళ్ళకి మా దగ్గర మిగతా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడతారు. ప్రేమతోనే కొడతారు. గనిలో పనిచేసి రిటైరైన కెల్విన్ అయితే బల్ల కూడా చరిచాడు. ఆ పిల్ల ఏడుస్తూ నిలబడి ఉంటే, పొద్దున తుడిచి మెరిపించిన తొంభై రోజుల బిళ్ళని డబ్బాలో పడేసి, ఒక్కరోజు బిళ్ళ తీసి చేతిలో పెట్టాను.

బెరిల్‌కి నచ్చజెబుతానని గురువారం నేనూ స్ట్రాన్ వెళ్ళాను. గుమ్మంలో మమ్మల్ని చూడగానే ఇండీ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, బిళ్ళ తెచ్చావా?"

టారిన్ ఉన్నదే తీసి ఇచ్చింది. పాప దాన్ని పట్టుకుని గంతులేసి, బూట్లు తెచ్చుకుంటానని లోపలికి పోబోయింది. బెరిల్ పాప చేతిలోంచి బిళ్ళ లాక్కుని, వెలుతురులో తిప్పి చూసింది.

"ఇది ఆ బిళ్ళ కాదమ్మా," అంది పాపతో. తర్వాత మా వైపు తిరిగింది. "మూణ్ణెల్లు నోరు కట్టుకోలేనిది బిడ్డనేం పెంచుతుంది?"

నిజం చెప్పినందుకే లెక్క పోయిందని నేను ఎంత చెప్పినా వినలేదు. శనివారం ఓడకి పాపతో సహా వెళ్ళిపోయింది. కొడుకు ఫోను ఎత్తడు.

ఇప్పుడు ఆ సంగతి. నేను మానేసిన ఆరో ఏడు మా తమ్ముడు పోయాడు. అంత్యక్రియలయ్యాక వాడి వంటింట్లో ఒంటరిగా నిలబడి ఒక గ్లాసు విస్కీ తాగాను. ఒక్కటే. మళ్ళీ ముట్టలేదు. కానీ ఎవరికీ చెప్పలేదు, లెక్కా మార్చలేదు. కారులో ఆ రోజు అది నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే టారిన్ కూడా ఆ రెండో గిన్నెని కడుపులో దాచుకుని పిల్లని తెచ్చుకునేది. చెప్పలేదు. పరువుకి చచ్చాను, ఇంకేం లేదు.

మొన్న మంగళవారం నా ఇరవయ్యేళ్ళ బిళ్ళ. మనం దారి చూపించినవాళ్ళ చేతే దాన్ని ఇప్పించుకోవడం ఆనవాయితీ. టారిన్ తనే కేకు చేసి తెచ్చింది. ఆ పిల్లకి అది నలభై ఒకటో రోజు.

"గ్లెనిస్ నన్ను అబద్ధం ఆడనివ్వలేదు," అంది అందరితో. "ఇండీ పెద్దయ్యాక మా అమ్మ నిజం చెప్పిందని తెలుసుకుంటుంది. అంతా ఈవిడ పుణ్యమే."

నన్నూ రెండు మాటలు మాట్లాడమన్నారు. ఊరంతటినీ కడిగిపారేసే నోరు నాది. ఆ ఒక్క మాటకి పెగల్లేదు.

"థాంక్స్, పిల్లా," అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆ రోజు టారిన్‌కి కొట్టినంత గట్టిగా కాదు. నేను బిళ్ళ జేబులో వేసుకుని, కేకు కోసి, మొదటి ముక్క టారిన్‌కే ఇచ్చాను.