స్టార్ గుర్తుకు పై వరుస

స్వెటర్ బొత్తాలు ఒకటి తప్పి ఒకదానిలో పెట్టుకున్నాడు. మామూలుగా అయితే విప్పి, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకునే మనిషే. ఇవాళ ఆగలేకపోయాడు. మెడ దగ్గర ఒక బొత్తాం ఒంటరిగా మిగిలిపోయి ఊగుతుండగానే భుజంతో తలుపు నెట్టుకుని మెషీన్ల గదిలోకి దూరాడు. ఏసీ చలి ముఖాన కొట్టింది. ఏళ్ల తరబడి కొడుతున్న చలే. ఇవాళ ఒళ్ళు జలదరించింది మాత్రం దానికి కాదు.

బల్ల మీద అట్టపెట్టె ఉంది.

"తీసుకో బాబాయ్, నీ కొత్త డిస్కు," అంది గది బాధ్యత చూసే ఇంజనీరమ్మ. వయసుకి అతని కూతురులాంటిది. "రోజూ వచ్చి నా బల్ల ముందు నిలబడేవాడివి. నోరు తెరిచి అడక్కపోయినా, ఆ చూపుకే నాకు ముద్ద దిగేది కాదు."

"థ్... థ్..."

"థాంక్సులు తర్వాత. ముందు పని కానీ," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

అతని మాటలన్నీ ఇలాగే సగంలో పక్కవాళ్ళ పాలవుతాయి. నత్తి. బడిలో హాజరు పిలిచినప్పుడు 'ఉన్నాను సార్' అనేలోగా పంతులు 'లేడు' అని రాసేసుకునేవాడు. ఎదురుగా కూర్చున్నవాణ్ణి లేడంటుంటే ఎన్నాళ్ళని కూర్చుంటాడు? కొన్నాళ్ళకి నిజంగానే వెళ్ళడం మానేశాడు. తర్వాత ఈ ఆఫీసులో టేపుల పెట్టెలు మోసే పనికి వచ్చాడు. న్యూస్ సర్వర్ చూసే ఆయన ఉద్యోగం వదిలేసి పోతే, మనుషులతో మాట్లాడే అవసరం లేని పని కదా అని దీన్ని ఇతనికి అంటగట్టారు. వాళ్ళ లెక్కలో అది వదిలించుకోవడం. పెళ్ళి తర్వాత అతను అంత సంబరపడింది ఆ రోజే.

ఆ పెళ్ళాం మంచిదే. కాకపోతే అతని వాక్యాలన్నీ తనే పూర్తిచేస్తుంది. పొద్దున కూడా అంతే.

"ఇవాళ క్... క్... కొత్త..."

"కొత్త చొక్కానా? ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించానండీ."

"క్... కాదు. డ్... డ్..."

"డబ్బానా? సర్దేశాను. నీళ్ళ సీసా కూడా పెట్టాను. ఇంకేం కావాలి?"

"ఏం లేదు," అన్నాడు. ఆ రెండు మాటలూ అతనికి ఎప్పుడూ తడబడవు. అంత వాడకం వాటికి.

న్యూస్ సర్వర్ అంటే జనం రాసుకునే మాటలొచ్చి పడే చోటు. కుక్కలు పెంచేవాళ్ళదొక గుంపు, పాత రేడియోలు బాగుచేసేవాళ్ళదొక గుంపు, అలా వేలు. పడేవన్నీ బఫర్‌లో పడతాయి. బఫర్ అంటే డిస్కులో ముందే కొలిచి కట్టిన తొట్టి. పెరగదు, తరగదు. అంచు దాకా నిండగానే రాత మళ్ళీ మొదటికెళ్ళి, అన్నిటికంటే పాతదాన్ని చెరిపి దాని మీద కొత్తది రాస్తుంది. ఇన్నాళ్ళూ అన్ని గుంపులకీ ఒకటే తొట్టి. బొమ్మలూ పాటలూ పంచుకునేవాళ్ళు లారీల కొద్దీ సరుకు తెచ్చి అందులో గుమ్మరిస్తారు. ఆ వరదలో, మూల కూర్చుని రెండు ముక్కలు రాసుకున్నవాళ్ళ మాటలు మర్నాటికి కొట్టుకుపోతాయి. లోకంలో ఎక్కడ చూసినా ఇదే కదా వరస.

అలా కొట్టుకుపోయేవాటిలో ఒకటి నత్తి ఉన్నవాళ్ళ గుంపు. ఈ సర్వర్ మీదే పుట్టిన చిన్న గుంపు. అందులో అతను గలగలా మాట్లాడతాడు, జోకులేస్తాడు, దెబ్బలాడతాడు కూడా. ఇంట్లో, ఆఫీసులో ఎవరూ ఎరగని మనిషొకడు అక్కడ దర్జాగా బతుకుతున్నాడు. 'తాబేలు' అని పేరు పెట్టుకున్న ముసలాయన ఒకడు అక్కడే స్నేహమయ్యాడు. ఆయనకి చేతులు వణుకుతాయట, ఒక జవాబు రాయడానికి వారాలు పడుతుంది. అది వచ్చేసరికి ప్రశ్న ఉండదు. కొత్తవాళ్ళు "ఎవరితో తాతా, గోడతోనా?" అని ఆట పట్టిస్తారు. మొన్న తాబేలు రాశాడు: "ఇక రాయనేమో. నేను నోరు తెరిచేసరికి ఇక్కడ కూడా అందరూ లేచిపోతున్నారు."

ఆ మాట అతన్ని కోసేసింది. ఆయన ఆగిపోకముందే ఆ గుంపుకి విడిగా ఒక తొట్టి కట్టాలి.

డిస్కు బిగించాడు. తొట్టి కొలత ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే, తర్వాత మారిస్తే లోపలిదంతా పోయినట్టే. అతను బేరమాడలేదు, డిస్కు మొత్తం ఇచ్చేశాడు. ఆ గుంపు మాట్లాడే తీరుకి అది నిండాలంటే ఏళ్ళు పడుతుంది! ముందు దాన్ని, ఖాళీ అని గుర్తుగా, సున్నా అంకెలతో నింపాలి. పచ్చ దీపం టకటకా కొట్టుకుంటుంటే, దానితోపాటు అతని మోకాలూ ఆడింది. తొట్టికి పేరు పెట్టాలి, ఏడు ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు. 'నెమ్మది' అని కొట్టి చూశాడు. సరిగ్గా ఏడు! ఒక్కడే పకపకా నవ్వాడు.

ఏ గుంపు ఏ తొట్టికి వెళ్ళాలో చెప్పే ఫైల్లో ఒక వరుస చేర్చి, సర్వర్‌ని మళ్ళీ నడిపించి, గుంపులో ఒక ప్రశ్న రాసి పెట్టాడు. వెళ్ళి చూశాడు. నెమ్మది ఖాళీ. ప్రశ్న పాత తొట్టిలోనే, వరద మధ్యలో పడింది.

చెమట పట్టింది, అంత చలిలోనూ. పేరు చూశాడు. కొలత చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. ఫైల్ని పైనుంచి మళ్ళీ చదివాడు.

సర్వర్ పైనుంచి కిందకి చదువుతుంది. తగిన వరుస తగలగానే ఆగిపోతుంది. పాత తొట్టి వరుసలో ఉన్నది స్టార్ గుర్తు. ఆ గుర్తంటే అన్ని గుంపులూ అనే. ఏదొచ్చినా అదే పట్టుకుంటుంది. అతను తన వరుసని దానికి కింద, ఫైల్ చిట్టచివర రాశాడు. అక్కడిదాకా ఏదీ రాదు.

ఎవరూ అక్కడ రాయమనలేదు. బస్సులో, బువ్వ దగ్గర, మాటలో, ఎక్కడైనా అందరూ కానిచ్చాక తన వంతు. చేతికి అదే అలవాటు.

"ఓరి నా..." అని పైకే అన్నాడు, తడబడకుండా. వరుసని కోసి, స్టార్ గుర్తుకు పైన అతికించాడు. ప్రశ్న మళ్ళీ పంపాడు.

నెమ్మదిలో పడింది. అంత పెద్ద ఖాళీలో మొట్టమొదటి మాట, అతనిది.

బల్ల మీద రెండు చేతులతో దరువేశాడు. ఇంజనీరమ్మ తలుపు తీసి, "ఏంటి బాబాయ్, పూనకమా?" అంది. సాయంత్రం ఇంటికి వెళ్ళాలని ఎంత ఆత్రమంటే, బొత్తాలు విప్పే ఓపిక లేక స్వెటర్ని తల మీదుగా లాగి కుర్చీకి తగిలించి పరిగెత్తాడు.

"ఇవాళ న్... న్... నేను..." అన్నాడు, గుమ్మంలోనే.

పెళ్ళాం నోరు తెరిచింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. జీవితంలో మొదటిసారి. ఆమె ఆగింది.

"నేను, న్... నా వరుస, అ... అందరికంటే ప్... పైన పెట్టుకున్నాను."

ఆమెకి ముక్క అర్థం కాలేదు. అయినా ఆ ముఖం చూసి నవ్వొచ్చేసింది. "మీరా? అమ్మో! ఇన్నాళ్ళకా!" అంది. ఆ పూట అన్నం తింటున్నంతసేపూ అతనే మాట్లాడాడు, ఆమె వింది.

మర్నాడు లేపితే లేవలేదు. నిద్రలోనే పోయాడు, ఎవరికీ అడ్డం రాకుండా.

కొన్ని వారాలు గడిచాక ఇంజనీరమ్మ ఆ గదిలో, అతను చూసే స్క్రీన్ ముందు నిలబడింది. నెమ్మదిలో అతని ప్రశ్న పెట్టినచోటే ఉంది: "ఫోన్లో 'ఎవరు మాట్లాడేది' అంటే మీరేం చేస్తారు? నాకు అన్నిటికంటే నా పేరే కష్టం." దాని కిందే తాబేలు జవాబు, ఆ పొద్దున్నే వచ్చింది: "చెప్పేదాకా చెబుతూనే ఉంటాను. వాళ్ళు పెట్టేస్తే మళ్ళీ చేస్తాను. అరె, నీ ప్రశ్న ఇంకా ఇక్కడే ఉందే! అయితే నేను రాస్తా. ఇంతకీ నీ పేరేంటి బాబూ? తొందరేం లేదు, నిదానంగా చెప్పు."

ఆమె వెనక్కి జరిగి కుర్చీ పట్టుకుంది. చేతికి స్వెటర్ తగిలింది. దాని బొత్తాలు ఇంకా ఒకటి తప్పి ఒకదానిలోనే ఉన్నాయి, మెడ దగ్గర ఒకటి ఒంటరిగా ఊగుతూ.