కుటుంబము అనగా

మా తాత కృపాదానం చనిపోయేముందు రాయించిన పంపకాల దస్తావేజులో నాలుగో పేరా నాకు కంఠతా వచ్చు. "ఈ దస్తావేజులో కుటుంబము అనగా ఒకే పొయ్యి మీద వండుకొని తినువారు." ఈ ఒక్క వాక్యం కోసం 1959లో మావాళ్ళు నరసరావుపేట మునసబు కోర్టుకు ఏడుసార్లు తిరిగారు.

తాతకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా నాన్న పున్నయ్య, చిన్నవాడు సుందరరావు బాబాయి. రొంపిచెర్ల దగ్గర మా ఊళ్ళోని ఇంటిని తాత రెండు వాటాలు చేశాడు. మధ్యనున్న పడమటి గదికి మాత్రం ఒక షరతు పెట్టాడు. పున్నయ్య కుటుంబంలో ఎవరైనా అందులో కాపురం ఉన్నంతకాలం అది పున్నయ్యది. లేనినాడు సుందరరావుకు చెందుతుంది.

ఆ గదిలో ఉండేది ఫిలోమినా అత్త. అత్త అంటున్నానే గాని ఆమె మాకు చుట్టం కాదు. దాచేపల్లి వైపు సున్నపురాయి కొట్టేచోట ఆమె భర్త చనిపోయాడు. మా అమ్మ పోయిన ఏడు తాత ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాడు. అప్పటికి నాకు పది నెలలు. బాబాయికి పద్నాలుగేళ్ళు. అతనికీ తల్లి లేదు. ఇద్దరినీ ఆమే పెంచింది. బాబాయి ఆమెను అక్కా అని పిలుస్తాడు. బాబాయి పెళ్ళికి తల్లి స్థానంలో పందిట్లో పీట వేసింది కూడా ఆమేనని నాన్న చెబుతాడు.

ఆ ముందటేడు బాబాయికి మిరప విరగ కాసింది. బస్తాలకు చోటు చాలక పడమటి గది అడిగాడు. నాన్న కుదరదన్నాడు. మాటా మాటా పెరిగింది. పిన్ని తరఫువాళ్ళెవరో, "ఆ ఫిలోమినా మీకు ఏమవుతుందని? పరాయి మనిషి గదిలో ఉంటే కుటుంబం ఉన్నట్టా?" అని ఎక్కించారు. బాబాయి దావా వేశాడు.

కోర్టు కాగితం వచ్చినరోజు అత్త బియ్యం చెరుగుతోంది. చదవమంటే చదివి వినిపించాను.

"పరాయి మనిషి అని రాశాడా?"

"రాశాడత్తా."

"వాడి చేతిరాతేనా?"

"కాదు. ప్లీడరు రాయించింది."

"అయితే వాడు రాయలేదుగా," అని మళ్ళీ చేట ఎత్తింది.

కాని ఆ వారంలోనే ఆమె రేకుపెట్టె తీసి చీరలు సర్దటం చూశాను. ఫిరంగిపురం మఠంలో వంటకు మనిషి కావాలంటున్నారట. "నా మూలాన అన్నదమ్ములు కోర్టుమెట్లు ఎక్కటమేంది. వాడి పక్షాన తీర్పొస్తే ఆరోజే పోతా," అంది. ఆమె లేకపోతే పొద్దున నన్ను నిద్రలేపేది ఎవరు అని డైరీలో రాసి, పిచ్చిగా ఉందనిపించి కొట్టేశాను.

మా ప్లీడరు సాంబశివరావుగారు మాత్రం నిబ్బరంగా ఉన్నారు.

"చూడు పున్నయ్యా, కుటుంబం అంటే రక్తసంబంధమని లోకం అనుకోవచ్చు. ఆ అర్థం మనకు అక్కర్లేదు. ఒక మాటకు దస్తావేజులోనే అర్థం రాసిపెట్టినాక, ఆ దస్తావేజు ఉన్నంతవరకు ఆ మాటకు అదే అర్థం. మీ నాయన పొయ్యి అన్నాడు. ఆమె మీ పొయ్యి మీద తింటుందా లేదా, అంతే లెక్క."

"పద్నాలుగేళ్ళనుంచి ఆ పొయ్యి రాజేసేదే ఆమె అయ్యా," అన్నాడు నాన్న.

ఇల్లు చూసి రాయమని కోర్టువారు ఒక కమిషనరును పంపారు. ఆయన వచ్చింది మార్చి నెలలో. అది ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం. ఏటా ఆ నలభై రోజులూ అత్త మాకు లోపల కూరా అన్నం వండిపెట్టి, తను మాత్రం పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని, ఉప్పు లేని జొన్నగంజి కాచుకుని తాగుతుంది. చనిపోయిన భర్త కోసం. కమిషనరుగారు పెరట్లోకి వచ్చేసరికి రాళ్ళ మధ్య నిప్పు ఉంది.

"ఈ పొయ్యి ఎవరిదమ్మా?"

"నాదేనయ్యా."

"నువ్వు వేరుగా వండుకుంటావా?"

"వేరుగానే అయ్యా."

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నాన్న నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "నలభై రోజులేనని ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోయింది?"

"ఉపవాసం ఉన్నానని ఊరోళ్ళకు చాటుకుంటే అది ఉపవాసం ఎట్టవుద్దయ్యా?" అంది అత్త.

కోర్టులో కూడా ఆ సంగతి తన నోటితో చెప్పనంది. మా చర్చి స్వాములవారితో చెప్పించినా వినలేదు. కమిషనరు కాగితంలో "పొయ్యిలు రెండు" అని ఉంది. సాంబశివరావుగారు ఆ కాగితం చాలాసేపు చూసి, తర్వాత నా వైపు చూశారు. "ఈ పిల్ల చెప్పాలి."

బళ్ళో నా హాజరు కూడా పక్కన కూర్చునే నిర్మలే పలుకుతుంది. నేను కోర్టులో ఏం చెప్పగలను?

ఆగస్టులో వాయిదా. తెల్లవారుతూనే అత్త రెండు పొట్లాలు నా చేతికిచ్చింది. ఒకటి మాకు, ఒకటి బాబాయికి.

"బాబాయికెందుకత్తా?"

"ఏందే, వాడికి మాత్రం కడుపు లేదా? మీ పిన్నికి నెలలు నిండినయ్యి. పొద్దున్నే ఏం వండిద్ది?"

బస్సులో బాబాయి ముందు సీట్లో కూర్చున్నాడు. పొట్లం అతని పక్కన పెట్టి వచ్చేశాను. అతను వెనక్కి తిరగలేదు.

బోనులో నిలబడ్డాక, దారిపొడవునా డైరీలో రాసుకున్న జవాబులన్నీ మరిచిపోయాను. బాబాయి ప్లీడరు కోటేశ్వరరావుగారు మెత్తగానే అడిగారు.

"పెరట్లో ఫిలోమినాకు వేరే పొయ్యి ఉంది. అవునా కాదా?"

"ఉందండి."

"దాని మీద వేరుగా వండుకు తింటుంది?"

"తపస్సు కాలంలోనేనండి. నలభై రోజులు. ఉప్పు లేకుండా."

"ఎన్ని రోజులైనా వేరు పొయ్యి వేరు పొయ్యే. దాని మీద ఆమె ఒక్కతే తింటుంది. అంతేనా?"

"ఒక్కతే కాదండి."

మునసబుగారు తల ఎత్తారు. "గట్టిగా చెప్పమ్మా."

"మంచి శుక్రవారం గుడినుంచి వచ్చి అందరం ఆ గంజే తాగుతామండి."

"అందరూ అంటే ఎవరు?" అన్నారు మునసబుగారు.

"నాన్న, నేను, బాబాయి, పిన్ని."

"దావా నడుస్తోంది గదా. ఈ ఏడు కూడానా?"

"ఈ ఏడు కూడానండి. బాబాయి రెండు చెంబులు తాగాడు."

కోర్టులో అందరూ నవ్వారు. బంట్రోతు కూడా. బాబాయి నేలచూపులు చూశాడు. మునసబుగారు దస్తావేజు తిప్పి నాలుగో పేరా పైకి చదివి, కోటేశ్వరరావుగారితో అన్నారు: "ఆ మూడు రాళ్ళ పొయ్యి వేరే కుటుంబమైతే మీ వాది కూడా ఆ కుటుంబంలోకే వస్తాడండీ. కాదంటే ఆమె పెద్ద పొయ్యికే చెందుతుంది. ఏది కావాలో భోంచేసి వచ్చి చెప్పండి."

కోర్టు వరండాలో నాన్న ఒక మూల, బాబాయి ఒక మూల కూర్చున్నారు. రెండు పొట్లాల్లోనూ చింతపండు పులిహోరే. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇస్తే బాబాయి ముద్ద నోట్లో పెట్టుకుని అడిగాడు.

"అక్క పెట్టె సర్దిందంటగా?"

"సర్దింది."

"యాడికి?"

"ఫిరంగిపురం. నీకు గది వచ్చినరోజే పోతానంది."

బాబాయి ఆకు నున్నగా ఊడ్చి తిని, చెయ్యి కడుక్కుని, నేరుగా తన ప్లీడరు దగ్గరికి వెళ్ళాడు. సాయంత్రానికి రాజీ కాగితం రాశారు. ఫిలోమినా బతికున్నంతకాలం పడమటి గది జోలికి రానని బాబాయి సంతకం పెట్టాడు.

ఇంటికి వచ్చి అత్తకు అంతా చెప్పాను. ఆమె ఉపవాసం సంగతి అందరిముందూ బయటపెట్టానని ఏడుపొచ్చింది.

"నువ్వు చెప్పావు. నేను చెప్పలేదుగా," అంది ఆమె, పెట్టెలోంచి చీరలు బయటికి తీస్తూ.

మరుసటి ఏడు మిరప కల్లాలు ముగిశాక బాబాయి పడమటి గది గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో ఆరు నెలల పిల్లవాడు.

"అక్కా, నాలుగు బస్తాలు నీ మంచం కింద పెట్టుకోనా?"

"ముందే అడిగితే పోయేది గదరా."

"అన్నను అడిగాగా."

"గదిలో ఉండేది నేను. నన్నడిగావా?" అని పిల్లవాణ్ణి అందుకుంది. "నాలుగే. ఐదోది తెచ్చావంటే మళ్ళీ కోర్టుకు పోతా."

బాబాయి ఏడు బస్తాలు తెచ్చాడు. ఆ వేసవంతా అత్త తుమ్ముతూనే ఉంది.