ఐదు వరుసల తర్వాత

నేను ఒక ప్రోగ్రాం ముక్కని. మొత్తం నలభై ఒక్క వరుసలు. పెద్ద ప్రోగ్రాం ఏదైనా నడుస్తూ నడుస్తూ కుప్పకూలితే, ఎక్కడ కూలింది, అక్కడికి దాన్ని ఎవరు పంపారు, ఆ పంపినవాళ్ళని ఎవరు పంపారు అన్నది స్క్రీన్ మీద వరుసగా, కూలిన చోటు అన్నిటికంటే కింద వచ్చేలా రాయడం నా ఉద్యోగం. ఆ రాతను మనుషులు ట్రేస్ అంటారు. అది కనిపించగానే మొహం చిట్లిస్తారు.

ఒక జులై మంగళవారం, పగలు పదకొండున్నరకు, ఒక మనిషి ప్రాణం నా రాత మీద ఆధారపడింది. ఐదు వరుసలు రాసి ఆగితే ఒక దారి. ఇరవై రెండూ రాస్తే ఇంకో దారి. నాకు ప్రాణం లేదు కనుక నేను కంగారు పడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పడం ఒక్కటే నాకు తెలుసు.

నన్ను పుట్టించింది తాహెరా. కర్నూలులో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో, కిటికీ పక్క కంప్యూటర్ మీద, మూడు మధ్యాహ్నాల్లో రాసింది. పెళ్ళి భోజనంలో సాంబారు చప్పగా ఉంటే తిట్లు వడ్డించేవాడికి పడతాయి. వాడికి గిన్నె ఇచ్చింది వంటవాడు. ఉప్పు తెమ్మని వంటవాడు ఇంకొకణ్ణి పంపాడు. ఆ మనిషి దారిలో ఎక్కడో ఆగిపోయాడు. ప్రోగ్రాం లోపల కూడా అంతే. ఒక పని ఇంకో పనిని పిలుస్తుంది, అది మరో దాన్ని పిలుస్తుంది. అందరికంటే లోపల ఉన్నది చతికిలబడితే, బయటికి కనిపించేది వడ్డించేవాడే. అసలు కారణం నా రాతలో అట్టడుగున ఉంటుంది.

తాహెరా నాకు ఇంకో అలవాటు కూడా నేర్పింది. "ఎక్కడ పడిందో చెప్తే సాలదు, సేతిలో ఏం పట్టుకొని పడిందో గూడా రాయాల" అని పక్క సీటు అమ్మాయితో వాదించి, నా చివర్లో రెండు వరుసలు కలిపింది. కాలేజీ అయిపోగానే నన్ను ఇంటర్నెట్‌లో ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసి, పెళ్ళి చేసుకుని అనంతపురం వెళ్ళింది. తర్వాత నా సంగతి ఆమె పట్టించుకోలేదు. నేనూ ఆమెను అడగలేదు.

హైదరాబాద్‌లో బస్సు టికెట్లు అమ్మే ఒక కంపెనీ నన్ను తీసుకుంది. అక్కడ ఒకాయన నా రాతకు ఎరుపు రంగు వేశాడు. ఇంకొకాయన దాన్ని నేరుగా ప్రింటర్‌కు కలిపాడు. ఒకరోజు ఒక పని తనను తానే పిలుచుకోవడం మొదలుపెట్టింది. పిలిచిన ప్రతిసారీ ఒక వరుస. తొమ్మిది వేల వరుసలు, అన్నీ ఒకటే. ప్రింటర్‌లో కాగితం అయిపోతే, ఏదో ముఖ్యమైన రిపోర్టు అనుకుని ఆఫీసు అటెండరు మళ్ళీ మళ్ళీ నింపాడు. ఆ కట్టను రెండు చేతులతో మోసుకెళ్ళి మేనేజర్ బల్ల మీద పెట్టాడు. ఆ కంపెనీ మూతపడ్డది వేరే కారణాల వల్ల.

అక్కడి నుంచి నన్ను విశాఖపట్నం తెచ్చినవాడు శశిభూషణ్. అతని బృందం ఒక జిల్లా ఆంబులెన్సుల కోసం ప్రోగ్రాం చేసింది. పాము కాటు మందు ఏ ఆసుపత్రిలో ఎంత ఉందో చూసి, దగ్గరున్న దానికి ఆంబులెన్సును పంపడం దాని పని. అధికారుల ముందు మొదటిసారి చూపించినప్పుడు అది కూలిపోయింది, నేను స్క్రీన్ నిండా ఎర్రగా రాశాను. ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని "ఇదంతా ఏమిటయ్యా?" అన్నాడు. శశిభూషణ్ ఆ రోజే నా గొంతు మీద చెయ్యి వేశాడు. ఇక మీదట మొదటి ఐదు వరుసలే రాయాలి.

ఆఫీసులో ఒక రూలు కూడా పెట్టాడు. ఐదింటిలో పై వరుసలో ఎవరి ఫైలు పేరుంటే తప్పు వాళ్ళదే. సంజాయిషీ వాళ్ళే రాయాలి.

ఆ జులైలో ప్రోగ్రాం మూడుసార్లు కూలింది. మూడుసార్లూ పై వరుసలో అతని బృందంలోని నూకరత్నం ఫైలే. ఆసుపత్రిని వెతికి ఫలితం బయటికి ఇచ్చే భాగం ఆమెది. నా లెక్కలో ఆమె వడ్డించేది మాత్రమే. ఆమెకూ ఆ అనుమానం ఉంది.

"కింద ఇంకా ఉంటుంది సార్. మొత్తం చూడనివ్వండి" అని అడిగింది.

"పైన నీ పేరుండగా కింద ఎవరున్నారో నీకెందుకమ్మా? ముందు సంజాయిషీ రాయి" అన్నాడు శశిభూషణ్.

ఆ మంగళవారం ఇద్దరూ ఈ గొడవ తేల్చడానికి వచ్చి జిల్లా ఆంబులెన్సు కంట్రోల్ రూములోనే ఉన్నారు. బయట వాన. డ్రైవర్లతో మాట్లాడే కుర్చీలో ఎస్తేరు రాణి ఉంది. ఇరవై ఆరేళ్ళు నర్సుగా చేసి, మోకాళ్ళు మొరాయించాక ఈ కుర్చీలోకి వచ్చింది. కాల్సూ, గదిలో కెమెరా చూసేదీ వినేదీ అన్నీ నేనున్న యంత్రం గుండానే పోతాయి. అందుకే మాటలన్నీ నా దగ్గర ఉన్నాయి.

డ్రైవరు పైడిరాజు గొంతు వినిపించింది. "అమ్మా, ఊడుపు మడిలో పాము కరిసేసిందమ్మా. సన్యాసమ్మని, నలభై ఏళ్ళుంటాయి. తాచని సెప్తన్నారు. బండెక్కించి రేగులపాడు జంక్షన్ కాడున్నాను. ఎటెల్లమంటారు?"

ఎస్తేరు రాణి ఆసుపత్రిని వెతికే మీట నొక్కింది. ప్రోగ్రాం కూలింది. నేను ఐదు వరుసలు రాశాను. పై వరుసలో నూకరత్నం ఫైలు.

"ఒరే పైడిరాజూ, ఓ నిమిషం ఆగు. ఈ మాయదారి మిషను మళ్ళీ పడుకుంది" అంది ఎస్తేరు రాణి. ఫోన్ అందుకుని దగ్గరి ఆసుపత్రికి చేసింది. మందు నిన్ననే అయిపోయిందన్నారు. ఇంకో దగ్గర మూడు మందు బుడ్లే ఉన్నాయన్నారు. మొదటి విడతకే పది కావాలి. మిగిలింది కొండ మీద బొడ్డమామిడివలస ఆసుపత్రి. అక్కడ సెల్లుకు సిగ్నల్ లేదు, ల్యాండ్ ఫోను పిడుగు పడ్డప్పటి నుంచి మూగ. కంప్యూటరుకు మాత్రం ఒక కేబుల్ ఉంది, స్టాకు అంకెలు దాని గుండా ప్రోగ్రాంకు వస్తాయి.

జంక్షన్ నుంచి కుడికి వెళితే టౌన్ ఆసుపత్రి, గంటన్నర. అక్కడ మందు ఎప్పుడూ ఉంటుంది. ఎడమకు ఘాట్ రోడ్డు ఎక్కితే బొడ్డమామిడివలస, ఇరవై ఐదు నిమిషాలు. అక్కడ మందు ఉందో లేదో ఎవరికీ తెలియదు. లేకపోతే వెనక్కి దిగి టౌన్ చేరేసరికి రెండు గంటలు దాటుతుంది.

"కనురెప్పలు వాలిపోతన్నాయమ్మా" అన్నాడు పైడిరాజు. "పిలిస్తే ఊఁ అంటంది, కళ్ళు మాత్రం తెరవలేకపోతంది. బేగి సెప్పండి."

"టౌన్‌కి పొమ్మనండి" అన్నాడు శశిభూషణ్. "అక్కడైతే గ్యారంటీ."

"గంటన్నర ఊపిరుంటదా బాబూ?" అంది ఎస్తేరు రాణి. "రెప్పలు వాలాయంటే తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి. నేను చూశాను."

నూకరత్నం కుర్చీ లాక్కుని నా సెట్టింగులు తెరిచింది.

"ఏం చేస్తున్నావు? లైవ్ సిస్టమ్ అది! మార్చాలంటే పైనుంచి పర్మిషన్ రావాలి. ఏదైనా అయితే నేను సమాధానం చెప్పాలి."

"నాను సెప్తానండి. ఎలాగూ సంజాయిషీ రాస్తన్నాను కదా, అందులోనే ఇంకో లైను." కంగారులో ఆమె నోట ఊరి మాట వచ్చేసింది.

ఐదు అన్న అంకె చెరిపి, హద్దు లేదని పెట్టింది. తర్వాత చేసిన పని నా బతుకులో ఎవరూ చేయలేదు. కూలుతుందని తెలిసీ, కూలడం కోసమే ప్రోగ్రాంను మళ్ళీ నడిపింది.

అది కూలింది. నేను ఇరవై రెండు వరుసలు రాశాను.

నూకరత్నం పై వరుసలు వదిలేసి అడుగుకు వెళ్ళింది. అక్కడ ఉన్నది ఇది: అసలు కారణం, అంకెలు చదివే భాగం. ఫైలు శశిభూషణ్‌ది. చేతిలో ఉన్నది, బొడ్డమామిడివలస ఆసుపత్రి స్టాకు. విలువ, 24+6. దీన్ని సంఖ్యగా చదవలేకపోయాను.

శశిభూషణ్ తన పేరు చూశాడు. "ఎవడో చెత్త టైపు చేశాడు" అన్నాడు మెల్లగా. "ఆ గడిలో ఒక్క అంకె రాయాలని రూల్స్‌లో ఉంది."

ఎస్తేరు రాణి కళ్ళద్దాలు పైకి తోసి స్క్రీన్ దగ్గరికి వంగింది. "చెత్తేటి? పాత స్టాకు ఇరవై నాలుగు, కొత్తగా వచ్చినవి ఆరు. మందుల రిజిస్టర్లో మేమంతా అలాగే రాస్తాం. కలిపి రాసేస్తే, కొత్తవెన్నొచ్చాయని తనిఖీకొచ్చినోడు పీక పట్టుకుంటాడు. అక్కడ ఫార్మసీ చూసేది పట్నాయక్ గారు. పుస్తకంలో ఎలా రాస్తాడో కంప్యూటర్లోనూ అలాగే కొట్టేసుంటాడు, మహానుభావుడు."

మూడుసార్లు కూలడానికి కారణం ఇదే. ఆ కొండ చుట్టుపక్కల నుంచి ఎవరు అడిగినా ప్రోగ్రాం అన్ని ఆసుపత్రుల స్టాకూ చదువుతూ పోయి, మందు నిండుగా ఉన్న ఒక్క ఆసుపత్రి దగ్గర బోర్లా పడుతోంది. ఎక్కడికి వెళ్ళాలో ప్రతిసారీ నా ఐదో వరుస తర్వాత ఎక్కడో ఉంది. నన్ను ఐదు దగ్గరే ఆపారు.

"ముప్పై బుడ్లున్నాయి" అంది నూకరత్నం.

"ఉంటే మంచిదే. అది పాత ఎంట్రీ అయితే? ఈలోపు వాడేసి ఉంటే?" అన్నాడు శశిభూషణ్. ఆ ప్రశ్న సరైనదే. విలువ ఎంతో నేను రాస్తాను, నమ్మాలో వద్దో రాయను.

ఎస్తేరు రాణి ఇద్దరి వైపూ చూడలేదు. "పైడిరాజూ, ఎడమకి తిప్పు. బొడ్డమామిడివలస. పట్నాయక్ గారు ఎక్కడున్నా పట్టుకో. పది బుడ్లు ముందు ఎక్కించమను."

"అలాగేనమ్మా. ఘాటీ ఎక్కితే నా ఫోన్ పన్జేయదు. ఇంక మాటాడలేను." లైను తెగింది.

పదకొండు నలభై రెండు. ఇక ఆ గదిలో ముగ్గురికీ చేయడానికి ఏమీ లేదు. ఆంబులెన్సు కొండ ఎక్కిందో లేదో, మందు ఉందో లేదో తెలిసే దారి లేదు. గోడ గడియారం కింద శశిభూషణ్ అటూ ఇటూ తిరిగాడు. ఎస్తేరు రాణి పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంది.

పన్నెండూ ఐదుకు నూకరత్నం ప్రోగ్రాంను మళ్ళీ నడిపింది. అది కూలింది. నేను రాశాను. విలువ, 24+6.

"ఎందుకు మళ్ళీ?" అన్నాడు శశిభూషణ్.

"మందు వాడితే ఆయన స్టాకు మారుస్తారు కదా సార్. మారిస్తే ఇక్కడ తెలుస్తాది. ఆ ఆసుపత్రి లోపలికి మనకున్న కిటికీ ఇదొక్కటే."

శశిభూషణ్ ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు. "జరుగు. నేను నొక్కుతాను, నువ్వు చదువు" అన్నాడు.

నేను ఎర్రగా రాస్తే సిగ్గుపడి నా నోరు మూయించిన మనిషి, నిమిషానికి ఒకసారి నన్ను రాయించాడు. పన్నెండూ పదిహేను, 24+6. పన్నెండూ ఇరవై, 24+6. పన్నెండున్నర, 24+6. పన్నెండూ నలభై దాటింది. అతని చొక్కా చంకల కింద తడిసింది. నూకరత్నం ప్రతిసారీ అడుగు వరుస పైకి చదివింది.

"ఇంకోసారి పడెయ్ బాబూ" అంది ఎస్తేరు రాణి.

పన్నెండూ నలభై ఏడుకు శశిభూషణ్ నొక్కాడు. ప్రోగ్రాం కూలింది. నేను ఇరవై రెండు వరుసలూ రాశాను. పై ఇరవై ఒకటీ అంతకుముందు రాసినవే. చివరి వరుస మాత్రం మారింది.

బొడ్డమామిడివలస ఆసుపత్రి స్టాకు. విలువ, 30-10. దీన్ని సంఖ్యగా చదవలేకపోయాను.

నూకరత్నం దాన్ని పైకి చదవలేదు. వేలితో స్క్రీన్ మీద చూపించింది. ఎస్తేరు రాణి ఒకసారి చూసి, కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో మొహం అదుముకుంది. శశిభూషణ్ చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది.

"ఎక్కించేశారు" అన్నాడు. తర్వాత ఎవరితోనో తెలియకుండా, "పదీ ఎక్కించేశారు" అన్నాడు.