మనది అన్నవాడి గుడారం

నేను ఒక ఇరవై లీటర్ల పసుపుపచ్చ ప్లాస్టిక్ క్యాన్‌ని. తైమూరు దీవిలో, దిలీ పట్నంలో ఒక కొట్టుకు వంటనూనె మోసుకొచ్చాను. నూనె అయిపోగానే కొట్టువాడు నన్ను గోడ అవతలికి విసిరేశాడు. మనుషుల విశ్వాసం అంతే.

నన్ను ఏరుకున్నది దొమింగాస్. అల్లర్లలో ఇల్లు తగలబడి, శిబిరంలో తలదాచుకున్న మనిషి. యాభై దాటాక అక్షరాలు దిద్దుకుంది. తారులో పుల్ల ముంచి నా మీద రాసుకుంది: ‘దొమింగాస్ నియాన్’. వాళ్ల తెతున్ భాషలో పేరు పక్కన ‘నియాన్’ చేరిస్తే ఆ వస్తువు ఆ మనిషిది. అంతా కాలిపోయాక ఆమెకు సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది నేనొక్కదాన్నే.

ఒకరోజు పొద్దున్నే నన్ను కుళాయి వరసలో పెట్టి, శిబిరంలో ఇచ్చిన దుప్పటి ఆరేయడానికి వెళ్లింది. శిబిరం పెద్దగా చలామణీ అయ్యే అబీలియు వచ్చి, కత్తితో నా ఒళ్లు గీకి ఆ పేరు లేపేశాడు. ఎంత మండిందో! నన్ను నింపుకుని తన గుడారానికి పోతుంటే దొమింగాస్ ఎదురొచ్చింది.

“అది నాది! నా పేరు ఏం చేశావురా?”

“కష్టకాలంలో నాదీ నీదీ ఏంటత్తా? ఇతా-నియాన్!”

తెలుగులో మాది వేరు, మనది వేరు. తెతున్‌లోనూ అంతే. అబీలియు అన్నది ‘మనది’. కానీ పెద్దవాళ్లతో మర్యాదగా ‘మీది’ అనాలన్నా అదే మాట.

దొమింగాస్ వరసలోని వాళ్లవైపు తిరిగి అరిచింది. “విన్నారా? అత్తా, ఇది మీదే అన్నాడు! దించరా కిందికి!”

అందరూ గొల్లుమన్నారు. అబీలియు ఉక్రోషంతో నన్ను రాతికేసి కొట్టాడు. నా అడుగు చీలిపోయింది. నీళ్లన్నీ బురదపాలయ్యాయి.

దొమింగాస్ ఏడవలేదు. పళ్లు కొరుకుతూ నన్ను చంకన పెట్టుకుని, చాప చుట్టుకుని, నేరుగా అబీలియు గుడారానికి నడిచింది. శిబిరంలో వానకు కారనిది అదొక్కటే.

“ఇక్కడికెందుకొచ్చావ్?” అన్నాడతను.

“నాదీ నీదీ లేదన్నావుగా. ఇతా-నియాన్. మనది!”

గుమ్మంలో నన్ను బోర్లించి, మీద కూర్చుంది. ఆ రోజు ఆమెను లేపడానికి ఎవడికీ ధైర్యం చాలలేదు.