నడుము మీద నంబరు

మూడో కడ్డీ కూడా పుటుక్కున విరిగింది. కొద్దిగా వంచి గిరగిరా తిప్పే యంత్రంలో కోటి చుట్లు నిలవాల్సిన ఉక్కు, పద్నాలుగు లక్షలకే చేతులెత్తేసింది. రెండేళ్లుగా దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చి తయారుచేసుకున్న పరిశోధకురాలి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇంకొక్కటే మిగిలింది. అదీ విరిగితే ఈ ఉక్కు సంగతి మర్చిపోమ్మా," అని ప్రొఫెసర్ తేల్చేసి వెళ్లిపోయారు.

ఏడుస్తూనే ఆమె విరిగిన ముక్కను భూతద్దం కింద పెట్టింది. అలిసి విరిగిన లోహం మీద, పగులు పుట్టిన చోటి నుంచి సన్నటి వంపు గీతలు ఒకదాని వెనకొకటి పరుచుకుంటాయి. వాటిని పట్టుకుని వెనక్కి వెళితే దొంగ దొరకాల్సిందే. వెళ్లింది. గీతలన్నీ కడ్డీ నడుము మీద కొట్టిన '3' అంకె తోక దగ్గర తేలాయి. రెండో కడ్డీ తీసింది. '2' మెడ దగ్గర! మొదటిది తీసింది. '1' కాళ్ల దగ్గర!

"ఓరి దేవుడో!" అని స్టూలు మీంచి లేచి గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఉక్కుకేం రోగం లేదు! నంబరు కోసం సుత్తితో వేసిన గంట్లే కొంప ముంచాయి. కళ్లల్లో నీళ్లింకా ఆరలేదు, నవ్వేమో ఆగి చావడం లేదు.

ఆ అంకెలు కొట్టింది వర్క్‌షాపు బాబాయ్. ముప్పయ్యేళ్లుగా ఆయన నంబరు కడ్డీ చివర మీదే, వంపు తగలని చోట కొట్టేవాడు. "యంత్రంలో ఉన్నా కనబడాలి, నడుము మీద కొట్టండి బాబాయ్" అని, ఆయన వద్దంటున్నా వెంటపడింది ఎవరయ్యా అంటే, మన మహాతల్లే! అది గుర్తొచ్చి నాలిక్కరుచుకుని వర్క్‌షాపులోకి పరిగెత్తింది.

ముక్కలు చూసి బాబాయ్ మొహం చిన్నబోయింది. "అంటే నీ రెండేళ్ల కష్టాన్నీ నా సుత్తితో నేనే..."

"మీరు కాదు బాబాయ్, చేతులారా నేనే చేసుకున్నా!"

"మరి నవ్వుతావేంటమ్మా?"

"నా ఉక్కు మంచిదే బాబాయ్! బంగారం!"

ఆయనకీ నవ్వొచ్చేసింది. నాలుగో కడ్డీకి ఇంకా నంబరు కొట్టలేదు. మొహం చూసుకునేంత నున్నగా దాన్ని బాబాయే సానబెట్టాడు. సోమవారం పొద్దున యంత్రానికెక్కించారు. ఇక చూడాలి ఆవిడగారి చాదస్తం! గట్టిగా తుమ్మినవాళ్లని కూడా కసిరింది. బాబాయ్ అయితే తలుపు బందులకు నూనె రాసొచ్చాడు.

బుధవారం సాయంత్రం నాలుగున్నరకు మీటరు కోటి దాటింది. కడ్డీకి ఈగ వాలిన గుర్తు కూడా లేదు! ఆమె ఎగిరి గంతేసింది. కేక విని వచ్చిన ప్రొఫెసర్ చేతిలో టీ సగం చొక్కా మీదే ఒలికింది.

"మరి ముందు మూడూ ఎందుకు విరిగాయి?" అన్నారాయన.

"పొరపాటు నాదేనండీ," బాబాయ్ ముందుకొచ్చాడు.

"కాదు సార్! వద్దన్నా వినకుండా నడుము మీద కొట్టించింది నేనే."

ప్రొఫెసర్ ముక్కలు మూడూ తిప్పి తిప్పి చూసి పకపకా నవ్వారు. "ఇది కూడా థీసిస్‌లో రాయి. ముందు ఈ కడ్డీకో నంబరు వేయించు."

బాబాయ్ సుత్తి, నాలుగంకె పంచ్ పట్టుకొచ్చాడు. "ఎక్కడ కొట్టమంటావు తల్లీ?"

"మీకెక్కడ మంచిదనిపిస్తే అక్కడే బాబాయ్."

"ఈ మాట మూడు కడ్డీల కిందటే అనుండాల్సింది," అంటూ చివర మీద ఠప్పున ఒక్క దెబ్బ వేశాడు.